మెత్తబడ్డ బ్రేకు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ మర్యాదలు అందుకున్నది మా తాతయ్య కాదు, ఆయన కారు. దానికి పొద్దున్నే స్నానం, మధ్యాహ్నం నీడ, రాత్రికి దుప్పటి. మాకు తలకు నూనె రాయడం మరిచిపోయిన రోజులున్నాయి గానీ కారు అద్దాలు తుడవని రోజు లేదు. చిలకలూరిపేటకు ఇవతల, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న మా ఊళ్ళో అప్పటికి కారున్న ఇల్లు మాదొక్కటే. పత్తి వ్యాపారం బాగా కలిసొచ్చిన ఒక ఏడాది తాతయ్య దాన్ని మద్రాసులో ఎవరి దగ్గరో కొన్నాడట. కొనేనాటికే అది పాతది. ఇప్పుడు మరీ పాతదై, వింటేజ్ కారు అన్న బిరుదు కూడా సంపాదించుకుంది.

అది ఇప్పుడు గుంటూరులో నా దగ్గరే ఉంది. పెళ్ళి ఫొటోల కోసం అడగడానికి వచ్చే కుర్రాళ్ళు దాని రంగు చూసి, గుండ్రటి దీపాలు చూసి మురిసిపోతారు. హారన్ మోగించి చూస్తారు. బ్రేకు ఎలా ఉందని మాత్రం ఇంతవరకు ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే. వాళ్ళ మీద కోపం వచ్చిన ప్రతిసారీ మా చిన్నత్త గుంటూరు ప్రయాణం గుర్తొస్తుంది. ఆ రోజు సంగతి నేను చాలామందికి చెప్పాను, అయినా మళ్ళీ చెప్పాలనిపిస్తుంది.

ముందు ఆ కారు బ్రేకు గురించి కాస్త చెప్పాలి. మా కారులో బ్రేకు ఆయిల్ డబ్బా ముందు బానెట్ కింద ఉండదు. డ్రైవరు కాళ్ళ దగ్గర పరిచిన చాప ఎత్తితే నేలలో చిన్న రేకు పలక ఉంటుంది. అది తీస్తే కింద డబ్బా మూత కనిపిస్తుంది. పెడల్ తొక్కగానే ఆ ఆయిల్ సన్నని గొట్టాల వెంట వెళ్ళి నాలుగు చక్రాల దగ్గరా బ్రేకులను బిగిస్తుంది. ఆయిల్‌ను ఎంత నొక్కినా అది కుంచించుకుపోదు, గాలి మాత్రం కుంచించుకుపోతుంది. అందుకే ఆ గొట్టాల్లో గాలి దూరిందంటే మనం తొక్కిన బలమంతా ఆ గాలిని నలపడానికే సరిపోతుంది, చక్రం దాకా ఏమీ చేరదు. నాలుగో తరగతి చదువుతున్న నాకు తాతయ్య ఈ సంగతి సైకిల్ పంపు మూతిని వేలితో మూయించి మరీ చెప్పాడు.

ఆ కారు దగ్గర నాకొక ఉద్యోగం కూడా ఉండేది. బయల్దేరే ముందు తాతయ్య నన్ను డ్రైవరు సీటు అంచున కూర్చోబెట్టేవాడు. స్టీరింగు పట్టుకుని వేలాడుతూ నేను రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాలి. తొక్కి, కాలు తీయకుండా పన్నెండో ఎక్కం మొత్తం అప్పజెప్పాలి. మధ్యలో తడబడితే మళ్ళీ మొదటినుంచి. నాకు లెక్కలంటే భయం కాబట్టి, ఎక్కాలు నేర్పడానికి తాతయ్య పన్నిన పన్నాగం ఇదని చాలాకాలం అనుకున్నాను. అసలు సంగతి తలకిందులు. ఆయనకు నా ఎక్కంతో పని లేదు. అంతసేపు కాలి కింద బ్రేకు నిలబడిందా, నెమ్మదిగా జారిందా అన్నదే ఆయనకు కావలసింది. ఎక్కడో ఆయిల్ కారుతుంటే పెడల్ అలా జారుతుంది. ఎక్కం అయిపోయాక "జారిందా అమ్మాయ్?" అని అడిగేవాడు. లేదంటేనే తాళంచెవి తిప్పేవాడు.

ఇక మా చిన్నత్త. మా నాన్నకు చెల్లెలు. బడిలో చివరిదాకా చదివి, మంచి మార్కులతో పాసై, ఏడాదిగా ఇంట్లో కూర్చుని ఉంది. పొద్దస్తమానం మాకు చదువు చెప్పేది. మేము దొరక్కపోతే పనివాళ్ళ పిల్లల్ని పోగుచేసి వాళ్ళకు చెప్పేది. ఆమెకు టీచర్ ట్రైనింగు చదవాలని కోరిక. దరఖాస్తు పెట్టింది, గుంటూరులో ఇంటర్వ్యూకి రమ్మని పిలుపు వచ్చింది. పొద్దున పదింటికల్లా అక్కడ ఉండాలి. పేరు పిలిచినప్పుడు లేకపోతే ఆ సీటు వెనక ఉన్నవాళ్ళకు వెళ్ళిపోతుంది. ఆడపిల్ల హాస్టల్లో ఉండి చదవాల్సిన అగత్యం ఏమొచ్చిందని మా నాన్న అడ్డం తిరిగాడు. నాయనమ్మ ఎటూ చెప్పలేక రెండువైపులా తల ఊపింది. తాతయ్య ఒకరోజు భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ, "నేనే కార్లో తీసకపోతా" అన్నాడు. ఇంట్లో ఆ మాటకు ఎదురు లేదు. ఆ రోజంతా చిన్నత్త ఇల్లంతా గాల్లో తేలుతూ తిరగడం నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

ప్రయాణం నాడు పొద్దున్నే అందరం తయారయ్యాం. చిన్నత్త నీలం అంచు తెల్లచీర కట్టుకుంది. అది మంగళగిరి నేత, తాతయ్యే తెచ్చాడు. కారు ఉంది కదా అని పొద్దుటి బస్సు సంగతి ఎవరూ పట్టించుకోలేదు, అది వెళ్ళిపోయింది. నన్నూ తీసుకెళ్ళమని ముందురోజే ఏడ్చి ఒప్పించుకున్నాను కాబట్టి నేను కూడా కొత్త గౌను వేసుకుని నా ఉద్యోగం చేయడానికి సీటెక్కాను. బ్రేకు మీద కాళ్ళు పెట్టి తొక్కాను. అది రోజూ ఆగే చోట ఆగలేదు. దూది బస్తా మీద కాలేసినట్టు మెత్తగా ఇంకా కిందికి, దాదాపు నేలదాకా దిగిపోయింది. నేను ఎక్కం మొదలుపెట్టనే లేదు.

తాతయ్య నన్ను దింపి తను కూర్చుని తొక్కి చూశాడు. గబగబా వరసగా తొక్కితే పెడల్ పైకి లేచి గట్టిపడింది. కాసేపు వదిలి తొక్కితే మళ్ళీ మెత్తన. మా నాన్న కారు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాడు. ఈ ప్రయాణమే ఆయనకు ఇష్టం లేదు. అయినా చెల్లెలి మొహం చూసేసరికి, ప్రయాణం ఆపడానికి ఆయనకు కూడా మనసొప్పినట్టు లేదు.

"రెండోసారి కొడితే పట్టుద్ది గదా నాన్నా. నిదానంగా పోతే సరిపోద్ది," అన్నాడు.

"రెండోసారి కొట్టేలోపు ఎడ్లబండి అడ్డమొస్తే ఏం చేస్తావురా?" అన్నాడు తాతయ్య. కిందికి దిగి తలుపు వేశాడు. "ఇయ్యాల కారు కదలదు."

అప్పుడు చిన్నత్త అన్న మాట నా చెవుల్లోంచి ఇంతవరకు పోలేదు. ఆమె ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

"పంపటం ఇష్టం లేకపోతే ఆ మాటే చెప్పు నాన్నా. కారు మీద పెట్టమాక."

మా ఇంట్లో తాతయ్యతో ఎవరూ అలా మాట్లాడరు. నాయనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకైతే భయంతో పాటు దుఃఖం కూడా ముంచుకొచ్చింది. బ్రేకు మెత్తగా ఉందని చెప్పింది నా కాళ్ళే. నేను సరిగ్గా తొక్కలేదేమో, ఇంకోసారి గట్టిగా తొక్కితే అత్త వెళ్ళగలిగేదేమో అని పిచ్చి ఆలోచనలు వచ్చాయి. తాతయ్యకు కోపం వస్తుందనుకున్నాం, రాలేదు. తాళంచెవి తీసి నాయనమ్మ చేతికిచ్చి, కండువా భుజాన వేసుకుని, గుమ్మం పక్కనున్న చెప్పులు వేసుకున్నాడు.

"చెప్పులేసుకో తల్లీ. కారు రాదన్నా గానీ, నేను రానన్లేదు గదా," అన్నాడు.

ఊరినుంచి పెద్ద రోడ్డుకు పొలాల గుండా నడిచి వెళ్ళాలి. రాత్రి జల్లు పడి రేగడి నేల బంకలా ఉంది. నాలుగడుగులకు చెప్పులు మట్టితో బరువెక్కేవి. కాసేపటికి ముగ్గురం చెప్పులు చేత్తో పట్టుకున్నాం. చిన్నత్త చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, మాకంటే ముందు నడుస్తోంది. కారులో తప్ప ఊరు దాటని పెద్దమనిషి, కాళ్ళకు బురదతో కూతురి వెనక నడుస్తుంటే చేలల్లో పత్తి తీస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూశారు. ఆయన వాళ్ళకు తల ఊపి పలకరించాడే గానీ అడుగు ఆపలేదు.

రోడ్డు మీద ఒక బస్సు వచ్చింది, నిండుగా ఉండి ఆగకుండానే పోయింది. చిన్నత్త మొహం చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. ఆ తర్వాత వచ్చింది పత్తి బస్తాలు ఎత్తుగా వేసుకున్న లారీ. దాని డ్రైవరు మా ఊరి సాయిబే. తాతయ్యను చూసి ఆపి, తల బయటపెట్టాడు.

"ఏంది బాబాయ్, కారు ఇంటికాడ పెట్టి రోడ్డున నిలబడ్డావ్?"

"బ్రేకు మెత్తబడింది. అమ్మాయికి పదింటికల్లా గుంటూరులో పనుంది. నీ బ్రేకు బానే ఉందా?"

"బ్రేకు లేకుండా ఇంత లోడేస్తానా బాబాయ్. ఎక్కండి."

లోపల ఇద్దరికే చోటుంది. నన్నూ చిన్నత్తనూ అక్కడ ఎక్కించి, తాతయ్య వెనక తాడు పట్టుకుని బస్తాల మీదికి ఎక్కాడు. ఆ బస్తాల్లో కొన్ని ఆయన కొని పంపిస్తున్నవేనట. వాటిని తూకం వేయించడమే తప్ప, వాటి మీద కూర్చుని ఊళ్ళు దాటడం ఆయన ఎరగడు. సాయిబు వద్దంటున్నా వినిపించుకోలేదు. పక్క అద్దంలో అప్పుడప్పుడు ఆయన కండువా చివర ఎగురుతూ కనిపించేది. చిన్నత్త కళ్ళు ఆ అద్దం మీదే ఉన్నాయి.

దారిలో ఒకచోట పక్క డొంకదారిలోంచి గేదెలు ఒక్కసారిగా రోడ్డెక్కాయి. వాటిని మళ్ళించడానికి ఒక ముసలాయన లారీకి అడ్డంగా పరుగెత్తాడు. సాయిబు బలంగా బ్రేకు తొక్కాడు. మేమిద్దరం ముందుకు తూలి అద్దానికి చేతులు ఆనించుకున్నాం. లారీ గుర్రుమంటూ ముసలాయనకు చేరువలో ఆగిపోయింది. ఆయన మమ్మల్ని తిట్టుకుంటూ గేదెల వెనక వెళ్ళాడు. సాయిబు కూడా ఆయన్ని నాలుగు తిట్లు తిట్టి బండి ముందుకు పోనిచ్చాడు. చిన్నత్త మాత్రం సాయిబు కాలి వైపు చాలాసేపు చూస్తూ ఉండిపోయింది. ఆ కాలు తొక్కింది ఒకసారే. రెండోసారి తొక్కే వ్యవధి అక్కడ లేదు. ఆమె నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

మేము చేరేసరికి ట్రైనింగు స్కూలు వరండాలో పేర్లు పిలుస్తున్నారు. బురద కాళ్ళతోనే చిన్నత్త లోపలికి పరుగెత్తింది. తన పేరు అప్పటికే ఒకసారి పిలిచారట. ఆఖరిసారిగా మళ్ళీ పిలుస్తుంటే వెళ్ళి నిలబడిందట. బయట మెట్ల మీద తాతయ్యా నేనూ కూర్చున్నాం. అప్పుడు చూశాను ఆయన్ని సరిగ్గా. జుట్టులో పత్తి, మీసాల్లో పత్తి, చెవుల మీద పత్తి. పంచె కింది భాగం నల్లమట్టి. లోపలికి వెళ్ళే తల్లిదండ్రులు ఆయన్ని దాటుకుని వెళుతున్నారు. ఇంటి దగ్గరైతే ఆయన ఎదురొస్తే అందరూ పక్కకు తప్పుకుంటారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపు కూడా వచ్చింది. ఆయన ఇవేమీ పట్టించుకోకుండా గుమ్మం వైపే చూస్తున్నాడు.

చాలాసేపటికి చిన్నత్త వచ్చింది. వచ్చి ఆయన వెనక మెట్టు మీద కూర్చుని, తలలోంచి పత్తి పోచలు ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. ఏరుతూ ఏరుతూ, "నాన్నా, పొద్దున నేను అట్టా..." అని ఆగిపోయింది.

"ఆకలేస్తందా? పదండి, పూరీ తిందాం," అన్నాడు తాతయ్య.

ఆ సీటు ఆమెకే వచ్చింది. తర్వాత వినుకొండ వైపు బళ్ళలో చాలా ఏళ్ళు పంతులమ్మగా చేసింది. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ దారిలో ఆపి నమస్కారం పెడతారు.

మర్నాడు తాతయ్య, నేను కారు దగ్గర కూర్చున్నాం. బ్రేకు ఆయిల్ డబ్బా మూత తీసే ముందు చుట్టూ ఉన్న దుమ్మంతా గుడ్డతో తుడవాలి, ఒక్క నలుసు లోపల పడినా రబ్బర్లు గీసుకుపోతాయి. తుడుస్తూ తుడుస్తూ ఆయన చెయ్యి ఆగింది. ఆ మూత నడిమధ్య సూది మొన దూరేంత రంధ్రం ఉంటుంది. లోపల ఆయిల్ మట్టం దిగినప్పుడు పైనుంచి గాలి రావడానికి అదొక్కటే దారి. ఆ రంధ్రం మీద పసుపు ముద్ద ఎండి రాయిలా బిగుసుకుని ఉంది. దాని మీద కుంకుమ బొట్టు. దసరా నాడు కారుకు పూజ చేసినప్పుడు నాయనమ్మ పెట్టినది. అందరూ దీపాలకు, చక్రాలకు బొట్లు పెట్టి ఊరుకుంటే, ప్రాణం కాపాడేది బ్రేకే కదా అని ఆమె చాప ఎత్తించి, పలక తీయించి మరీ దానికి పసుపు పూసింది. పైన దారి మూసుకుపోయేసరికి లోపల ఏర్పడిన ఆ ఖాళీ, చక్రాల దగ్గర పాతబడ్డ రబ్బర్ల సందుల్లోంచి గాలిని లాక్కుంది. బ్రేకు మెత్తబడింది అందుకే.

వంటింట్లోంచి నాయనమ్మ గొంతు వినిపిస్తోంది. తన కూతురి ప్రయాణం తన పసుపు వల్లే ఆగబోయిందని తెలిస్తే ఆవిడ ఆ దిగులుతో అన్నం మానేస్తుంది. తాతయ్య నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టి, పిన్నీసుతో ఆ పసుపు గీకేశాడు. సాయంత్రం నాన్న ఏమైందని అడిగితే గాలి చేరింది అన్నాడు. అది అబద్ధం కాదు. తర్వాత పాత ఆయిల్ అంతా తీసేసి, సీలు విప్పని కొత్త డబ్బా తెచ్చి పోశాం. తెరిచిన ఆయిల్ గాల్లోని తేమను తాగుతుంది, ఏడాదికోసారి మార్చకపోతే లోపల తుప్పు పడుతుంది అని చెప్పాడు. చక్రాల దగ్గర రబ్బర్లు కూడా మార్పించాడు. నేను లోపల తొక్కుతుంటే ఆయన చక్రం దగ్గర మర వదులు చేసి, బుడగలన్నీ పోయేదాకా గాలి తీశాడు. ఆఖరికి పెడల్ రాయిలా నిలబడ్డాక నాచేత ఎక్కం చెప్పించాడు. ఆ రోజు నేను ఎక్కడా తడబడలేదు.

మరుసటి దసరాకు పూజకు ముందు తాతయ్య ఆ మూత మీద చిన్న ఇత్తడి గిన్నె బోర్లించాడు. "బొట్టు దీనికి పెట్టు, మెరుస్తా ఉంటది," అన్నాడు. నాయనమ్మ మురిసిపోతూ గిన్నె నిండా పసుపు పూసింది. ఆయన పోయిన చాలా ఏళ్ళకు ఒకసారి ఆవిడే నాతో, "ఆ గిన్నె ఎందుకు పెట్టేవాడో నాకు తెలవదనుకున్నాడు పాపం" అంది. మరి ఎందుకు చెప్పలేదంటే, "ఆయన దాచుకున్నది నేనెట్టా బయటపెడతా" అంది. వాళ్ళిద్దరినీ తలుచుకుంటే నాకు ఎంత ప్రేమ కలుగుతుందో చెప్పలేను.

నాకిప్పుడు డెబ్బై దగ్గరపడ్డాయి. ఆ కారు ఆయిల్ ఏడాదికోసారి మారుస్తూనే ఉన్నాను, గొట్టాలు పగుళ్ళిచ్చాయేమో చూపిస్తూనే ఉన్నాను, బయల్దేరే ముందు పన్నెండో ఎక్కం చెబుతూనే ఉన్నాను. మొన్న మా పక్కింటి అబ్బాయి చెల్లెలి పెళ్ళికి కారు అడిగాడు, సరేనన్నాను. తీరా పెళ్ళిరోజు సాయంత్రం తొక్కి చూస్తే ఎక్కం పూర్తయ్యేలోపు పెడల్ జారింది. కారు కదలదన్నాను. ముసల్దానికి మనసు మారింది అనుకున్నట్టు ఆ అబ్బాయి మొహం మాడిపోయింది. ఆ మొహం నాకు కొత్త కాదు.

కారు ఇవ్వనని చెప్పడం ఎవరికైనా చేతనవుతుంది. మా తాతయ్య దగ్గర నేను నేర్చుకున్నది ఆ తర్వాత చేయవలసిన పని. మోకాళ్ళ నొప్పులు వద్దంటున్నా చెప్పులు వేసుకుని, ఆ అబ్బాయితో సందు చివరిదాకా నడిచి ఆటో మాట్లాడి వాళ్ళింటికి తెచ్చాను. పెళ్ళికూతురి పక్కన నేనూ ఎక్కి కూర్చుని, కల్యాణమండపం దాకా వెళ్ళాను.